టర్బైన్‌కి ఆయిల్ పోసే ముందు: ఏ ఫ్యూయల్ ట్రీట్‌మెంట్ స్కిడ్ మీకు సరిపోతుంది?

పెట్రోల్ బంకులో ఈ దృశ్యం మీరు చూసే ఉంటారు. పొద్దున్నే ట్యాంకు మూత తీసి, డిప్ రాడ్ చివర కాస్త పేస్టు రాసి లోపలికి దించుతారు. పైకి తీశాక పేస్టు రంగు ఎంతమేర మారిందో చూస్తే అడుగున ఎన్ని సెంటీమీటర్ల నీరుందో తెలిసిపోతుంది. గోదావరి జిల్లాల్లో నేను పనిచేసిన, గ్యాస్ టర్బైన్‌తో కరెంటు తీసే ఒక ప్లాంటులోనూ ఆ పేస్టు ట్యూబు ఉండేది. స్టోర్‌లో, సీలు విప్పకుండా. "పేస్టా అండీ? ఇదుగోండి, మూడేళ్లయింది ఎవరూ అడగలేదండి" అని స్టోర్ కీపర్ దుమ్ము దులిపి ఇచ్చేసరికే ఆలస్యమైపోయింది.

అంతకుముందు రాత్రి గ్యాస్ ప్రెషర్ పడిపోయింది. డీజిల్‌కి మార్చాం. ఏడో నిమిషంలో టర్బైన్ ట్రిప్పయింది. ఎగ్జాస్ట్ స్ప్రెడ్ (బయటికొచ్చే పొగ వేడిలో చోటుకీ చోటుకీ తేడా) ఎక్కువని అలారం, అంటే కొన్ని కంబస్టర్లకు, ఇంధనం మండే గదులకు, ఆయిల్ సరిగా అందడం లేదన్నమాట. తెల్లారి, కంబస్టర్లన్నిటికీ ఆయిల్ సమానంగా పంచే ఫ్లో డివైడర్ విప్పితే గేర్ల మధ్య ఇటుక రంగు ముద్ద కనిపించింది. తుప్పు, నీరు, వాటితోపాటు ట్యాంకు అడుగున పెరిగే జిగురు. వేలికి అంటుకున్నది సబ్బుతో రుద్దినా పోలేదు.

ఆ వారంలోనే ఇంధనాన్ని శుభ్రం చేసే స్కిడ్‌కి, అంటే ఒకే ఫ్రేమ్ మీద బిగించి పంపే యంత్రాల సెట్టుకి, మూడు కొటేషన్లు వచ్చాయి. ఒకరు నీటి బొట్లను కలిపి పెద్దవి చేసే కోలెసర్ ఫిల్టర్లు ఇస్తామన్నారు. ఇంకొకరు వేగంగా తిప్పి నీటిని విడదీసే సెంట్రిఫ్యూజ్ మాడ్యూల్ అన్నారు. మూడోవారు ఏకంగా నీటితో కడిగే రెండు దశల ప్లాంటుకే లెక్క వేసి పంపారు. మూడింట్లోనూ ఒకే హామీ, టర్బైన్ తయారీదారు కోరిన నాణ్యత వస్తుందని. ఎలా పోల్చాలో తెలియక ధరల్లో మధ్యది కొన్నాం. అదృష్టం కొద్దీ అదే సరైనది. ఎందుకు సరైనదో అర్థం కావడానికి మాత్రం నాకు ఆరేడేళ్లు పట్టింది. గల్ఫ్‌లో క్రూడ్ (ముడి చమురు) మీద నడిచే టర్బైన్ల దగ్గర చేరాకే ఆ సంగతి తెలిసింది.

నీళ్లలో ఉందా, ఆయిల్‌లో ఉందా

ఇంధనంలో హాని చేసే పదార్థం నీళ్లలో కరిగి ఉందా, ఆయిల్‌లోనే కరిగి ఉందా? కొటేషన్లు తెరవక ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఏ స్కిడ్ అయినా తీయగలిగేది నీటిని, నీటిలో కరిగినవాటిని, కాస్త మట్టిని, తుప్పుని. ఆయిల్‌లోనే కరిగి ఉన్నదాన్ని ఏదీ తీయదు, బ్రోషర్‌లో ఏం రాసినా సరే.

సోడియం, పొటాషియం ఎక్కువగా నీళ్లలో ఉండే రకం. సముద్రపు నీరు, బావి నీరు, ఓడ ట్యాంకు కడిగిన నీరు, ఏదో ఒక దారిలో ఇంధనంలోకి చేరతాయి. కంబస్టర్‌లో ఇంధనంలోని గంధకంతో కలిసి సోడియం సల్ఫేట్ అవుతుంది. అది 884 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కరిగి బ్లేడు మీద పూతలా అంటుకుందంటే, బ్లేడుని కాపాడే ఆక్సైడ్ పొరని తినేస్తుంది. అందుకే డీజిల్ లాంటి ఇంధనాలకు సోడియం, పొటాషియం రెండూ కలిపి 1 పీపీఎం దాటకూడదని తయారీదారులు సాధారణంగా పరిమితి పెడతారు. 1 పీపీఎం అంటే టన్నుకు ఒక గ్రాము. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 10.8 గ్రాముల సోడియం ఉంటుంది. లెక్క వేస్తే టన్ను డీజిల్‌లో ఒక్క టీ గ్లాసుడు సముద్రపు నీరు కలిసినా పరిమితికి చేరిపోయినట్టే. కాకినాడ లాంటి తీరంలో గాలితో పాటు వచ్చే ఉప్పు దీనికి అదనం. ఇన్‌లెట్ ఫిల్టర్లు దాటి లోపలికి వెళ్లేదాన్ని కూడా ఇదే ఖాతాలో రాసుకోవాలి.

వెనేడియం రెండో రకం. క్రూడ్‌లో, ముఖ్యంగా దాన్ని శుద్ధి చేశాక మిగిలే చిక్కటి ఫర్నేస్ ఆయిల్‌లో, చమురు అణువుల్లోనే ఇరుక్కుని ఉంటుంది. ఎన్ని నీళ్లు పోసి కడిగినా రాదు. దాని సంగతి విడిగా చూద్దాం.

కాబట్టి ల్యాబ్ రిపోర్టు చేతిలో లేకుండా స్కిడ్ బేరం మొదలుపెట్టొద్దు. రిపోర్టు కూడా సరఫరాదారు ఇచ్చే కాగితం కాదు, మీ ట్యాంకులోంచి తీసిన శాంపిల్‌ది. నడుమ నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి. వీలైతే వానాకాలంలో వచ్చిన లోడ్ నుంచి ఇంకొకటి. ఏఎస్‌టీఎం డీ 6728 పద్ధతిలో తిరిగే డిస్క్ ఎలక్ట్రోడ్ ఉన్న స్పెక్ట్రోమీటర్‌తో సైట్‌లోనే నిమిషాల్లో సోడియం, పొటాషియం, వెనేడియం లెక్క వస్తుంది. క్రూడ్, ఫర్నేస్ ఆయిల్ వాడే ప్లాంటుకి ఈ యంత్రం స్కిడ్ అంత ముఖ్యం. డీజిల్ స్టాండ్‌బైగా మాత్రమే ఉంటే బయట ల్యాబ్‌కి పంపితే చాలు.

నీరు ఎంత మొండిది

నీరు ఆయిల్ కంటే బరువు, ట్యాంకులో వదిలేస్తే అదే దిగుతుంది కదా అని చాలామంది అంటారు. దిగుతుంది, కానీ ఎన్నాళ్లకి?

డీజిల్‌లో 10 మైక్రాన్ల నీటి బొట్టుని తీసుకోండి. డీజిల్‌కీ నీటికీ సాంద్రత తేడా ఘనపు మీటరుకి సుమారు 160 కిలోలు. ద్రవంలో బొట్టు ఎంత వేగంగా దిగుతుందో చెప్పే స్టోక్స్ సూత్రం ప్రకారం అది గంటకు సెంటీమీటరు చొప్పున, రోజుకు పాతిక సెంటీమీటర్లు దిగుతుంది. పది మీటర్ల ట్యాంకులో నలభై రోజులు. కదిలించకుండా ఉంచగలిగితే ఫరవాలేదు. ఇప్పుడు ఫర్నేస్ ఆయిల్ సంగతి చూడండి. 98 డిగ్రీలకు వేడి చేశాక కూడా సాంద్రత తేడా పాతిక కిలోల దగ్గరే ఉంటుంది, చిక్కదనం పది రెట్లు ఎక్కువ. అదే బొట్టు రోజుకు మూడు నాలుగు మిల్లీమీటర్లు దిగుతుంది. పది మీటర్లకు ఏడెనిమిదేళ్లు!

మార్కెట్లో ఉన్న యంత్రాలన్నీ ఈ లెక్కలో ఏదో ఒక అంకెను మార్చేవే. కోలెసర్, ఎలక్ట్రోస్టాటిక్ (విద్యుత్ క్షేత్రంతో పనిచేసేది) రెండూ చిన్న బొట్లను పెద్దవి చేస్తాయి. సెంట్రిఫ్యూజ్ భూమి ఆకర్షణను వేల రెట్లు పెంచుతుంది. హీటర్ చిక్కదనం తగ్గిస్తుంది. మీ ఇంధనంలో ఏ అంకె అడ్డుపడుతోందో చూసుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

కోలెసర్ ఫిల్టర్: చవక, కానీ పేచీకోరు

నాఫ్తా, కిరోసిన్ లాంటి తేలిక ఇంధనాలకు నా మొదటి ఓటు దీనికే. నాఫ్తా సాంద్రత 0.7 దగ్గర ఉంటుంది, నీరు త్వరగా విడిపోతుంది. గాజు నూలు లాంటి ఎలిమెంట్ గుండా పోయేటప్పుడు చిన్న బొట్లు పోగులకు అంటుకుని, ఒకదానితో ఒకటి కలిసి, పెద్దవై కిందికి జారతాయి. తిరిగే భాగం లేదు, కరెంటు ఖర్చు దాదాపు లేదు. నాఫ్తా దగ్గర తిరిగే యంత్రం ఎంత తక్కువ ఉంటే అంత నిద్ర పడుతుంది.

చిక్కు ఎక్కడంటే, సబ్బు గుణం ఉన్న పదార్థం ఏది కలిసినా ఎలిమెంట్ పని మానేస్తుంది. పైకి ఏమీ కనిపించదు. డిఫరెన్షియల్ ప్రెషర్ (ఫిల్టర్‌కి ముందూ వెనకా ప్రెషర్ తేడా) మామూలుగానే ఉంటుంది, ఫిల్టర్ బాగుందనుకుంటాం, నీరు మాత్రం దర్జాగా దాటిపోతుంది. ఇండియాలో 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎం. గంధకం తీసే క్రమంలో సహజంగా ఉండే జారుడు గుణం తగ్గుతుంది కాబట్టి దానికి మందు కలుపుతారు. ఆ మందులు, తుప్పు పట్టకుండా కలిపేవి, బయోడీజిల్ కలిస్తే అది, ఇవన్నీ కోలెసర్‌కి గిట్టనివే. బయోడీజిల్ పైగా నీటిని పట్టి ఉంచుతుంది. కాబట్టి డీజిల్‌కి కోలెసర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటాను. సెంట్రిఫ్యూజ్ తర్వాత కాపలాకి పెట్టుకుంటే మంచిదే.

సెంట్రిఫ్యూజా, ఎలక్ట్రోస్టాటికా

అసలు పోటీ ఈ రెండింటి మధ్యే. క్రూడ్, ఫర్నేస్ ఆయిల్ కడగాలంటే ఈ రెండు దారులే ఉన్నాయి.

సెంట్రిఫ్యూజ్ లోపల గిన్నెలాంటి బౌల్, అందులో ఒకదానిపై ఒకటి పేర్చిన శంఖాకారపు డిస్కులు. డిస్కుకీ డిస్కుకీ మధ్య సందు అర మిల్లీమీటరు దగ్గర. బౌల్ నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. భూమి ఆకర్షణకు 5,000 రెట్లు బలం పుడుతుందనుకుంటే, ఇందాకటి డీజిల్ బొట్టు గంటకు సెంటీమీటరు కాదు, సెకనుకు సెంటీమీటరున్నర కదులుతుంది. అర మిల్లీమీటరు దాటితే చాలు, డిస్కుకి తగిలి బయటి అంచుకి జారిపోతుంది. ఇంధనం అందులో ఉండేది కొన్ని క్షణాలే, అందుకే యంత్రం చిన్నగా ఉంటుంది, స్కిడ్ మీద పడుతుంది, కంటైనర్‌లో లారీ ఎక్కుతుంది. అల్ఫా లావల్, జీఈఏ వెస్ట్‌ఫాలియా పేర్లు ఈ రంగంలో ఎక్కడికెళ్లినా వినబడతాయి. ఓడల్లో పనిచేసి వచ్చినవాళ్లకు ఇది పాత చుట్టమే. 'ప్యూరిఫయర్' అంటారు.

కొనేటప్పుడు గ్రావిటీ డిస్క్ సంగతి అడగండి. పాత తరహా ప్యూరిఫయర్‌లో నీటికీ ఆయిల్‌కీ మధ్య గీత ఎక్కడ నిలవాలో ఒక రింగు నిర్ణయిస్తుంది. ఇంధనం సాంద్రత మారితే ఆ రింగు మార్చాలి. మార్చకపోతే నీటి సీలు తెగి ఆయిల్ మురికి లైన్‌లోకి పోతుంది. ఒకే రిఫైనరీ నుంచి ఒకే డీజిల్ వచ్చే చోట ఇది సమస్య కాదు. ప్రతి ఓడా ఒక కొత్త రకం క్రూడ్ తెచ్చే చోట, సాంద్రతను బట్టి తనే సర్దుకునే రకానికి అదనంగా పెట్టిన డబ్బు ఏడాదిలోనే తిరిగొచ్చేస్తుంది.

దీని ఖర్చంతా మెయింటెనెన్స్‌లో ఉంది. ఓ-రింగులు, బేరింగులు, బెల్టులు గంటల లెక్కన మార్చాలి. ఏడాదికోసారైనా బౌల్ పూర్తిగా విప్పాలి. ఒక బౌల్ మూత ఇంకో బౌల్‌కి పెట్టకూడదు, బ్యాలెన్స్ తప్పుతుంది. చాలా మోడళ్లలో లాక్ రింగ్‌ది ఎడమ మర. కొత్తగా చేరిన కుర్రాడు విప్పుతున్నాననుకుని బలంకొద్దీ బిగించడం, ఫోర్‌మాన్ తల పట్టుకోవడం నేను రెండు దేశాల్లో చూశాను. అందుకే మీ జట్టులో బౌల్ విప్పడం వచ్చిన మనిషి ఎవరో పేరుతో సహా తెలిస్తేనే సెంట్రిఫ్యూజ్ కొనండి. లేకపోతే సర్వీస్ కాంట్రాక్టు ధర కూడా కొటేషన్‌లోనే కలిపి పోల్చండి.

ఎలక్ట్రోస్టాటిక్ డీసాల్టర్ తీరు వేరు. పెద్ద అడ్డ డ్రమ్ము, లోపల ఎలక్ట్రోడ్ల మధ్య వేల వోల్టుల కరెంటు. ఆ క్షేత్రంలో నీటి బొట్లు ఒకదాన్నొకటి లాక్కుని, పెద్దవై, అడుగుకి పడతాయి. రిఫైనరీల్లో క్రూడ్‌లోంచి ఉప్పు తీసేది కూడా ఇలాగే. తిరిగే భాగం లేకపోవడం దీని పెద్ద సుగుణం. ఏళ్ల తరబడి పెద్దగా విప్పే పని లేకుండా నడిచినవి చూశాను.

అయితే బొట్టు పెద్దదయ్యాక కూడా కిందికి దిగాల్సింది తన బరువుతోనే. సాంద్రత తేడా తక్కువున్న ఫర్నేస్ ఆయిల్ దగ్గర ఇది తడబడేది అందుకే. ఇంధనం లోపల చాలాసేపు ఉండాలి కాబట్టి డ్రమ్ము పెద్దది, పునాది పెద్దది, మాడ్యూల్ అన్నా లారీల కొద్దీ వస్తుంది. ట్యాంకు అడుగు నుంచి ఒక్కసారిగా నీళ్ల గడ్డ వచ్చిందంటే లోపల షార్టై, వోల్టేజి పడిపోయి, మళ్లీ కుదురుకోవడానికి షిఫ్టంతా పడుతుంది. రోజూ ఆగి మొదలయ్యే ప్లాంటుకి ఇది పనికిరాదని నా అభిప్రాయం. ఏడాదంతా ఒకే లోడ్ మీద నడిచే, తేలిక క్రూడ్ వాడే పెద్ద ప్లాంటుకైతే సెంట్రిఫ్యూజ్ కంటే దీన్నే ముందు చూస్తాను. సౌదీ, ఇరాక్, కువైట్ లాంటి చోట్ల టర్బైన్లు క్రూడ్ మీద నడవడం కొత్త కాదు. అక్కడి ప్లాంట్లలో మనవాళ్లు చాలామందే ఉన్నారు, అడిగితే ఎవరి యంత్రాన్ని వాళ్లు వెనకేసుకొస్తారు. నేనూ అందుకు మినహాయింపు కాదు, సెంట్రిఫ్యూజ్ పక్షమే.

కడగడం ఎన్ని దశల్లో అన్న ప్రశ్న ఒకటి మిగిలింది. కడగడమంటే శుభ్రమైన నీటిని ఆయిల్‌లో బాగా కలిపి, ఉప్పు ఆ నీళ్లలోకి దిగాక, నీటిని విడదీయడం. 100 లీటర్ల ఆయిల్‌కి 5 లీటర్ల నీరు కలిపి, విడదీశాక 0.3 లీటరు మిగిలిపోయిందనుకుందాం. కలపడం పక్కాగా జరిగితే ఉప్పులో సుమారు 6 శాతం మిగులుతుంది. 30 పీపీఎం సోడియంతో వచ్చిన ఆయిల్ 1.8కి దిగింది, ఇంకా పరిమితి పైనే ఉంది. ఇంకోసారి కడిగితే 0.1 దగ్గరికి వస్తుంది. నిజంలో కలపడం ఎప్పుడూ పక్కాగా ఉండదు కాబట్టి కాస్త ఎక్కువే మిగులుతుంది. అయినా సంగతి తెలుస్తోంది కదా: 10 పీపీఎం లోపు ఎప్పుడూ ఉండే ఇంధనానికి ఒక దశ చాలు, అంతకంటే పైకి పోయే ఇంధనానికి రెండు దశలు కావాలి. రెండో దశలో వాడిన నీటినే మొదటి దశకు తిప్పితే నీరు ఆదా.

వెనేడియానికి మందే దిక్కు

వెనేడియం కాలి పెంటాక్సైడ్ అవుతుంది, 690 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. సోడియం తోడైతే ఇంకా ముందే. మెగ్నీషియం మందు కలిపితే అది వెనేడియంతో కలిసి 1,000 డిగ్రీలు దాటినా కరగని బూడిద అవుతుంది. బరువు లెక్కన వెనేడియానికి మూడు రెట్లు మెగ్నీషియం అన్నది వాడుక. 120 మెగావాట్ల, జీఈ కంపెనీ ఫ్రేమ్ 9ఈ తరహా టర్బైన్ పూర్తి లోడ్ మీద గంటకు 30 టన్నుల పైచిలుకు ఆయిల్ తాగుతుంది. వెనేడియం 30 పీపీఎం ఉంటే రోజుకు 65 కిలోల మెగ్నీషియం లోహం కావాలి. మందు రూపంలో అయితే దానికి కొన్ని రెట్లు.

ఆ బూడిద బ్లేడ్ల మీద పేరుకుంటుంది, మెగావాట్లు రోజురోజుకీ తగ్గుతాయి. వారం పది రోజులకోసారి యంత్రాన్ని ఆపి, చల్లార్చి, నీటితో కడగాలి. అందులో ఒక రోజు పోతుంది. డోసింగ్ స్కిడ్ చిన్నదే, పెద్ద ధర ఉండదు. కానీ ఆగిన గంటలను, మందు ఖర్చును ఇంధనం ధరలో కలుపుకుంటే చవక ఫర్నేస్ ఆయిల్ ఒక్కోసారి చవక కాదని తేలుతుంది. ఏరోడెరివేటివ్ (విమాన ఇంజన్ నుంచి మలిచిన) యంత్రాలకు, ఎఫ్-క్లాస్ లాంటి ఎక్కువ వేడి మీద నడిచేవాటికి వెనేడియం ఉన్న ఇంధనం సాధారణంగా ఆలోచించనే వద్దు. శ్రీలంకలో కొలంబో దగ్గర కెరవలపిటియలో 300 మెగావాట్ల కంబైన్డ్ సైకిల్ ప్లాంటు ఫర్నేస్ ఆయిల్ మీద నడిచేలా కట్టారంటే, అక్కడ ఉన్నవి అంతకంటే తక్కువ వేడి మీద నడిచే 'ఈ' (E) క్లాస్ యంత్రాలు కాబట్టే.

గ్యాస్ వాడేవాళ్లకు కూడా ఇదే గొడవ

గ్యాస్ శుభ్రమైనదే కదా అంటారు. గ్యాస్ శుభ్రమే, దానితో వచ్చే తడి కాదు. కోనసీమలో ఈ మాట ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27న అక్కడి నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన లైన్‌లో తడి గ్యాస్ పోవడం, లోపల చేరిన నీరు, కండెన్సేట్ (గ్యాస్‌లోంచి ద్రవంగా మారిన చమురు) పైపుని తినేయడం కారణమని విచారణలో తేలింది.

ప్లాంటు గేటు లోపల వరస ఇలా ఉండాలి: నాకౌట్ డ్రమ్ (పెద్ద బొట్లను పట్టేది), ఫిల్టర్ సెపరేటర్ (సన్న బొట్లను, దుమ్మును పట్టేది), హీటర్, ఆ తర్వాతే ప్రెషర్ తగ్గించే వాల్వ్. హీటర్‌ని తీసేసి కొటేషన్ తగ్గించే సరఫరాదారులు ఉంటారు. ప్రెషర్ ఒక బార్ తగ్గితే గ్యాస్ సుమారు అర డిగ్రీ చల్లబడుతుంది. 60 బార్ నుంచి 25కి దించితే 17 డిగ్రీలు పోయినట్టే. వాల్వ్‌కి ముందు పొడిగా ఉన్న గ్యాస్ వాల్వ్ దాటాక బొట్లు రాలుస్తుంది. అందుకే డ్యూ పాయింట్ (గ్యాస్‌లో బొట్లు కట్టడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కంటే కనీసం 28 డిగ్రీలు వేడిగా గ్యాస్ రావాలని చాలా యంత్రాల మాన్యువల్స్‌లో ఉంటుంది. హీటర్ లేని గ్యాస్ స్కిడ్‌ని ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి.

స్కిడ్ మీద రానివి

మాడ్యులర్ అంటే ఫ్యాక్టరీలోనే పంపులు, హీటర్, సెపరేటర్, ప్యానెల్ అన్నీ ఒక ఫ్రేమ్ మీద బిగించి, పరీక్షించి పంపడం. సైట్‌లో పైపులు, కేబుళ్లు కలిపితే చాలు. మన ప్రాంతంలో దీనికి ఇంకో విలువ ఉంది, ఎందుకంటే ఇంధనం మాట ఎప్పుడు మారుతుందో తెలియదు. 2001లో మంగళూరు దగ్గర నాఫ్తాతో మొదలైన 220 మెగావాట్ల బార్జ్ ప్లాంటు తర్వాత కాకినాడ వచ్చి గ్యాస్‌కి మారింది. 2009లో కృష్ణా-గోదావరి తీర సముద్రంలోని కేజీ-డీ6 క్షేత్రం గ్యాస్ వచ్చినప్పుడు ఇక ద్రవ ఇంధనంతో పని లేదనుకున్నాం, నాలుగైదేళ్లకే ఆంధ్రా గ్యాస్ ప్లాంట్లు ఖాళీగా కూర్చున్నాయి. విప్పి ఇంకో చోటికి తీసుకుపోగల, లేదా అమ్ముకోగల స్కిడ్ అలాంటప్పుడు అక్కరకొస్తుంది.

కానీ కొటేషన్‌లో 'బై ఓనర్', అంటే కొనేవాడే చూసుకోవాలి అని రాసిన జాబితా చదవండి. ట్యాంకులు అందులో ఉంటాయి. ముడి ఇంధనానికి ఒకటి, కడిగినదానికి కనీసం రెండు కావాలి, ఒకటి నిండుతుంటే ఇంకోటి తేరుకోవాలి. కడిగిన ట్యాంకులో ఫ్లోటింగ్ సక్షన్ (పైన తేలుతూ పై ఆయిల్‌నే పీల్చే గొట్టం) లేకపోతే అడుగు నీరు మళ్లీ టర్బైన్ దారే పడుతుంది. కడగడానికి వాడే నీరు కూడా మీదే, అదీ సోడియం లేని నీరు. ఇందాకటి 9ఈ యంత్రానికి గంటకు 35 ఘనపు మీటర్ల ఆయిల్, అందులో 5 శాతం నీరంటే రోజుకు 42,000 లీటర్లు. ఎనిమిది వాటర్ ట్యాంకర్లు. అదంతా నూనె, ఉప్పు కలిసిన మురుగై బయటికొస్తుంది. దాన్ని శుద్ధి చేసే ప్లాంటు ఖర్చు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, రెండూ మీ నెత్తినే. ఫర్నేస్ ఆయిల్‌ని 40 నుంచి 98 డిగ్రీలకు తేవడానికి దాదాపు ఒక మెగావాట్ వేడి కావాలి. బయటికెళ్లే వేడి ఆయిల్‌తో లోపలికొచ్చే చల్లటి ఆయిల్‌ని వేడి చేసే ప్లేట్ ఎక్స్ఛేంజర్ స్కిడ్‌లో ఉందో లేదో చూడండి. క్రూడ్‌కైతే అంత వేడి పనికిరాదు, తేలిక భాగాలు ఆవిరవుతాయి. పైగా సెంట్రిఫ్యూజ్‌లో నైట్రోజన్ వాయువు కప్పి ఉంచే ఏర్పాటు, పేలుడు రక్షణ ఉన్న మోటార్లు తప్పనిసరి. ధర అక్కడే పెరుగుతుంది, పెరగాలి కూడా.

ఎన్ని లైన్లు అన్నదాని మీద బేరమాడొద్దు. ఒకే 100 శాతం సెంట్రిఫ్యూజ్ చవకగా కనిపిస్తుంది. బౌల్ విప్పిన రోజు టర్బైన్ ఏం తాగుతుంది? సగం సగం మోసేవి మూడు పెట్టుకుంటే రెండు నడుస్తాయి, ఒకటి విప్పుకోవచ్చు.

నేనైతే ఏది కొంటాను

గ్యాస్ మీద నడుస్తూ డీజిల్‌ని స్టాండ్‌బైగా పెట్టుకున్న ప్లాంటుకి కడిగే ప్లాంటు దండగ. ట్యాంకులో ఉన్న డీజిల్‌ని వారంలో కొన్ని గంటలు తిప్పి మళ్లీ ట్యాంకులోకే పోసే చిన్న సెంట్రిఫ్యూజ్ స్కిడ్ ఒకటి, దాని వెనక కోలెసర్, టర్బైన్ ముందు ఫైన్ ఫిల్టర్. దాంతోపాటు నెలకోసారి టర్బైన్‌ని కాసేపు డీజిల్ మీద నడపాలి. మేం ధర చూసి గుడ్డిగా కొన్నది ఇదే.

నాఫ్తా మీదే నడిచేవాళ్లు, కేరళలో కాయంకుళం ప్లాంటు అలా మొదలైందే, కోలెసర్, ఫిల్టర్లు, జారుడు మందు డోసింగ్ చూసుకుంటే చాలు. మొదలుపెట్టడం, ఆపడం డీజిల్ మీదే. ఓడలో వచ్చే నాఫ్తా అయితే సోడియం పరీక్ష ప్రతి లోడ్‌కీ చేయించండి.

క్రూడ్‌లో రకాలు మారుతుంటే తనే సర్దుకునే రెండు దశల సెంట్రిఫ్యూజ్, మూడు లైన్లు. క్రూడ్ ఒకటే, తేలిక రకం, ప్లాంటు పెద్దది, స్థలం ఉంది అంటే ఎలక్ట్రోస్టాటిక్ కొటేషన్ కూడా తెప్పించి పక్కపక్కన పెట్టండి. ఫర్నేస్ ఆయిల్‌కి రెండు దశల సెంట్రిఫ్యూజ్, మెగ్నీషియం డోసింగ్, స్పెక్ట్రోమీటర్ మూడూ కలిపి ఒకే ఆర్డర్‌గా ఇవ్వండి. ఆర్డర్ విడదీస్తే సోడియం ఎక్కువొచ్చిన రోజు ముగ్గురూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

ఏది కొన్నా ఫ్యాక్టరీ పరీక్షకు మీ మనిషిని పంపండి. ఖాళీ చేతులతో కాదు. అక్కడ వాళ్లు తమ దగ్గరున్న శుభ్రమైన డీజిల్‌తో నడిపి చూపిస్తారు, అది ఏ యంత్రమైనా పాస్ అవుతుంది. మీ ట్యాంకు అడుగు నుంచి తీసిన రెండు మూడు లీటర్ల శాంపిల్ ముందే వాళ్ల ల్యాబ్‌కి పంపండి. అందులో నీరు ఎంత సేపటికి విడుతోంది, ఏ డీమల్సిఫయర్‌కి (ఆయిల్‌నీ నీటినీ విడగొట్టే మందు) లొంగుతోంది అన్నది గాజు గొట్టాల్లో చేసి చూపించమనండి. గ్యారంటీలో సోడియం అంకె పక్కన 'వచ్చే ఇంధనంలో ఇంత ఉంటే' అని ఒక షరతు ఉంటుంది. ఆ షరతులో మీ అడుగు శాంపిల్ అంకె రాయించాకే సంతకం పెట్టండి.